పాఠానికి ప్రాణం పోసే నాటకం

విశాఖ మన్యంలోని కొయ్యూరు పేరు వినగానే 1924 మే 7 జ్ఞప్తికి వస్తుంది. అల్లూరి సీతారామరాజును ఆంగ్ల ప్రభుత్వ బలగాలు విచారణ లేకుండానే కాల్చి చంపినది ఆ దినాన, ఆ ఊరిలోనే. పాఠ్యపుస్తకంలో ఈ విషాదం రెండు వాక్యాలలో ముగుస్తుంది. విద్యార్థి ఆ తేదీని కంఠస్థం చేస్తాడు, పరీక్షలో వ్రాస్తాడు, వేసవి సెలవులలో మరచిపోతాడు. ఆ మన్నుపై పుట్టి పెరిగే బాలబాలికలకు సైతం ఆ చరిత్ర పరాయిదిగా మిగిలిపోతే, అది మన బోధనలోని లోపమే.

ఆ పాఠాన్నే తరగతి గదిలో నాటకంగా మలచవచ్చు. ఒకరు పోడు రైతు, ఒకరు ముఠాదారు, ఒకరు రోడ్డు కూలి, వేరొకరు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని ఎట్లా అడ్డుకొన్నదో తెలియనిదే రైతు పాత్రధారికి నోట మాట రాదు. లంబసింగి రోడ్డు పనిలో కూలీలు అనుభవించిన దోపిడిని గ్రహించనిదే కూలి పాత్రకు ఆగ్రహం రాదు. అన్నింటికంటె కఠినమైనది బాస్టియన్ పాత్ర. అతడు తన చర్యలను ఎట్లా సమర్థించుకొని ఉంటాడో ఒక విద్యార్థి ఊహించాలి. తక్కినవారు దానికి దీటైన సమాధానం చెప్పాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు ఎందుకు జరిగాయో ఆ సంవాదంలోనే బోధపడుతుంది. ఆ మూడు ఊళ్ళను పటంలో గుర్తించి, వాటి మధ్య దూరాన్ని లెక్కగడితే భూగోళం, గణితం కూడా నాటకంలో చేరుతాయి.

ఈ భావన మనకు కొత్త కాదు. భరతుని నాట్యశాస్త్రం నాట్యాన్ని అందరికీ అందే అయిదవ వేదంగా పేర్కొన్నది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఇద్దరు నాట్యాచార్యుల మధ్య ఎవరు గొప్ప అన్న వివాదం తలెత్తినప్పుడు, వారి బోధనా సామర్థ్యానికి శిష్యుల ప్రదర్శనే గీటురాయి అయింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా కళలను బోధనతో మేళవించాలని సూచించాయి.

సిలబసు పూర్తి కావలసి ఉండగా నాటకాలకు వేళ ఎక్కడిదని కొందరు ప్రశ్నిస్తారు. ప్రతి పాఠాన్నీ ఆడించనక్కరలేదు; సంవత్సరానికి రెండు మూడు పాఠాలు చాలు. నాటకంలో కల్పన చేరి చరిత్ర వక్రమవుతుందన్న సందేహం మరింత సమంజసమైనది. అందువల్లనే ప్రదర్శన ముగిసిన పిమ్మట, ఏది జరిగినది, ఏది ఊహించినది అని ఉపాధ్యాయుడు విద్యార్థుల చేతనే చెప్పించాలి. వార్షికోత్సవ వేదికపై వేషం కట్టి చప్పట్లు అందుకోవడానికీ, తరగతిలో పాత్రధారణ ద్వారా పాఠం నేర్వడానికీ గల భేదం ఇదే.

కొయ్యూరు గల జిల్లాకు 2022లో ఆ వీరుని పేరే పెట్టారు. ఆయన ఎందుకు పోరాడాడో ఆ జిల్లా బాలలు తమ మాటలలో చెప్పగలిగిన నాడు ఆ పేరు సార్థకమవుతుంది.