ప్రాంప్ట్ రాస్తే ఇంగ్లిష్ వస్తుందా?

ఏఐ ఇప్పుడు ఖరీదైన వ్యవహారం కాదు. చాట్‌జీపీటీ గో ప్లాన్‌ను మన దేశంలో ఏడాది పాటు ఉచితంగా ఇచ్చే ఆఫర్‌ను ఓపెన్‌ఏఐ 2025 నవంబరు 4న మొదలుపెట్టింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ పర్‌ప్లెక్సిటీ ప్రోను, జియో జెమినై ప్రోను తమ కస్టమర్లకు అందించాయి. అంటే నరసరావుపేట ఇంజినీరింగ్ విద్యార్థికైనా, మాచర్ల, గురజాల డిగ్రీ విద్యార్థికైనా హైదరాబాద్ విద్యార్థి వాడే సాధనమే చేతిలో ఉంది. తేడా వాడే తీరులోనే.

అసలు చిక్కు ఇక్కడే

‘మై నేటివ్ ఈజ్ మాచర్ల’, ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ బీటెక్ ఇన్ 2025’ అని టైప్ చేసి రెజ్యూమె అడగండి. ఏఐ సాధారణంగా తప్పులు ఎత్తి చూపదు. భావం పట్టుకుని చక్కటి ఇంగ్లిష్‌లో రాసిచ్చేస్తుంది. పని అయిపోతుంది, మన ఇంగ్లిష్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ‘ఐ యామ్ ఫ్రమ్ మాచర్ల’ అనాలని, 2025 అని ఏడాది చెప్పినప్పుడు ‘హ్యావ్’ లేకుండా ‘ఐ కంప్లీటెడ్’ చాలని మనకు తెలియనే తెలియదు.

టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షల్లో వెర్బల్ ఎబిలిటీ ఉంటుంది. ఇంటర్వ్యూలోనేమో రెజ్యూమెలో రాసిన వాక్యాన్నే వివరించమంటారు. అది మనది కాకపోతే రెండో ప్రశ్నకే దొరికిపోతాం.

రెండూ కలిపి నేర్చుకోవాలంటే...

మంచి ప్రాంప్ట్‌లో నాలుగు విషయాలుంటాయి: మీరెవరు, ఏం కావాలి, ఎవరి కోసం, ఎంత నిడివిలో. ఆఫీసు ఈమెయిల్‌కు కావాల్సినవీ ఇవే. కాబట్టి ప్రాంప్ట్‌ను ఇంగ్లిష్ రాత అభ్యాసంగా మార్చుకోవచ్చు.

* ముందు మీరే ఇంగ్లిష్‌లో అయిదు వాక్యాలు రాయండి. తప్పులున్నా ఫర్వాలేదు.
* ‘తిరగరాయొద్దు. తప్పులు మాత్రమే చూపించు. ఒక్కోటి ఎందుకు తప్పో తెలుగులో చెప్పు, రెండు ఉదాహరణలివ్వు’ అని ఇంగ్లిష్‌లో అడగండి. సరిదిద్దిన వాక్యాలను మళ్లీ మీరే రాయండి.
* తెలిసిన సంగతులే ఎంచుకోండి. కోటప్పకొండ తిరునాళ్ల ప్రభల గురించో, పిడుగురాళ్ల సున్నపు బట్టీల గురించో కొత్తవారికి వివరించమనండి. విషయం మీకు తెలుసు కాబట్టి ధ్యాసంతా భాష మీదే ఉంటుంది. ఏఐ తప్పు చెబితే ఇట్టే పట్టేస్తారు. దాన్ని సరిచేస్తూ రాసే రెండో ప్రాంప్టే అసలైన సాధన.
* చివరగా ఆ వాక్యాలను చూడకుండా పైకి చెప్పండి.

గ్రామర్ వివరణల్లోనూ ఏఐ పొరబడొచ్చు. అనుమానం వస్తే డిక్షనరీ చూడండి, లెక్చరర్‌ను అడగండి.

ఉచిత ఆఫర్లకు గడువుంటుంది. అందుకే ఈరోజే ఫోన్ పక్కనపెట్టి సెల్ఫ్ ఇంట్రడక్షన్ కాగితం మీద రాసి, తేదీ వేసి దాచండి. 30 రోజుల తర్వాత మళ్లీ ఫోన్ లేకుండానే రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేర్చుకున్నది మీరా, పని చేసిపెట్టింది ఏఐనా అన్నది తేలిపోతుంది.