పరీక్ష సర్కారుది, పాఠం ఎవరిది?

బళ్లారి జిల్లాలో మోటారు సైకిలు నేర్పే బడి ఎక్కడుందని అడిగితే సిరుగుప్ప వైపు వాళ్లు కోతలైపోయి ఎండిన వరిమడిని చూపిస్తారు. కురుగోడు వైపైతే కళ్లం. బళ్లారి టౌన్లో ఆదివారం పొద్దున్నే ఖాళీగా దొరికే ఏదో ఒక మైదానం. గురువు మేనమామ, లేదా పెద్దన్న, లేదా పోయిన నెలలోనే నేర్చుకున్న స్నేహితుడు. బండి నాయనది. పాఠం మూడు మాటలు: “క్లచ్ మెల్లగా ఇడువు. ఎక్స్‌లేటర్ ఇయ్యి. ముందు బ్రేకు మాత్రం ముట్టుకోవద్దు, పల్టీ కొడతావు.” సాయంత్రానికి పిల్లవాడు ఊరి సందుల్లో తిరుగుతుంటాడు. వారం తిరిగేసరికి హొసపేటె రోడ్డు ఎక్కుతాడు.

ఆ మూడు మాటల్లో చివరిది ప్రాణం మీదికి తెచ్చే మాట. బ్రేకు పడగానే బండి బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది. వెనక చక్రం తేలికై నేల మీద పట్టు వదులుతుంది. అంటే బండిని ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంది. దాన్ని ముట్టుకోవద్దని నేర్పిన పిల్లవాడు ఆపదలో వెనక బ్రేకునే బలంకొద్దీ తొక్కుతాడు. టైరు బిగుసుకుని జారుతుంది, బండి అడ్డం తిరుగుతుంది. రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ముందుది ఒక్కసారిగా గుంజకుండా వేళ్లతో క్రమంగా బిగించాలి. ఇసుక మీదా, మలుపులోనూ ఇంకా జాగ్రత్తగా పట్టాలి. ఇది చెబితే వచ్చేది కాదు, చేతికి అలవాటు కావాలి. నిదానమైన వేగంలో, ఖాళీ జాగాలో, పక్కన తెలిసినవాడు నిలబడి ఉండగా యాభైసార్లు ఆపితేనే వస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఆలోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ పిల్లవాడు నేర్చుకునేది కొత్త బండి మీద కాదు, పదిహేనేళ్ల కిందట నాయన కొన్న బండి మీద.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా బర్రె అడ్డమొచ్చిందని కంటికి ఆని, చేయి బ్రేకు మీద పడేలోపు ఒక సెకను గడుస్తుంది. బ్రేకు పని మొదలు పెట్టకముందే 17 మీటర్లు అయిపోయాయి. ఈ లెక్క చెప్పే మేనమామ ఎంతమందికి ఉన్నాడు?

మా వాదన సూటిగా చెబుతాం. బండి నడపడానికి పరీక్ష పెట్టే ప్రభుత్వం బండి నేర్పే బాధ్యతను కూడా తీసుకోవాలి. కారు నేర్చుకోవాలనుకునే మనిషికి డ్రైవింగ్ స్కూలు ఉంది. రెండు చక్రాల బండికి ఆచరణలో ఏమీ లేదు. ఈ జిల్లాలో కూలీ, రైతు, విద్యార్థి, మేస్త్రీ కొనగలిగేది మాత్రం రెండు చక్రాల బండే.

చట్టం ఏమంటుందో చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 ప్రకారం లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికి వచ్చిన 30 రోజుల తరువాతే అసలు పరీక్షకు పోవాలి. ఆ కాలంలో బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. లైసెన్సు ఉన్న శిక్షకుణ్ని తప్ప మరెవర్నీ వెనక ఎక్కించుకోకూడదు. ఈ 30 రోజుల ఏర్పాటు వెనక మంచి ఆలోచన ఉంది: మనిషికి నేర్చుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. అయితే ఆ 30 రోజులు ఎవరి దగ్గర, ఎక్కడ, ఏం నేర్చుకోవాలో అడిగే నాథుడు లేడు. చాలామందికి అది పరీక్ష తేదీ కోసం ఎదురుచూసే నెల, అంతే.

ఇక పరీక్ష. 15వ నిబంధన చదివితే అభ్యర్థి దగ్గర ఎంత నేర్పు ఆశిస్తున్నారో తెలుస్తుంది. వరుసగా గేర్లు మార్చడం, అవసరాన్ని బట్టి వెంటనే తగ్గించడం, ఎత్తులో ఆపి మళ్లీ కదిలించడం, కుడి ఎడమలకు సరిగ్గా తిరగడం, ఎదురు వచ్చే బండిని, ముందు పోయే బండిని దాటడం, సైగలివ్వడం, అత్యవసరంగా ఆపడం అన్నీ అందులో ఉన్నాయి. జనం నోట మిగిలింది ఒక్కటే: “ఎయిట్ వేస్తే చాలన్నా, కాలు కింద పెట్టకూడదు.” ఎయిట్ తీసిపారేయాల్సింది కాదు. హాఫ్ క్లచ్ మీద, వెనక బ్రేకు కాస్త ఆనించి, చూపు ముందున్న మలుపు మీద నిలిపి నెమ్మదిగా తిరగడం నిజమైన విద్యే, తేరుబజారు రద్దీలో పనికొచ్చే విద్య. కానీ సండూరు నుంచి ఇనుప ఖనిజంతో దిగే లారీ వెనక పోతున్న పిల్లవాడికి ఎయిట్ ఏం సాయం చేస్తుంది? ఆ లారీ డ్రైవరుకు తన అద్దంలో ఏ జాగా కనపడదో, అక్కడ తను ఎందుకు నిలవకూడదో పిల్లవాడికి ఎవరు చెప్పారు?

మన రోడ్లకు తమవైన ప్రమాదాలు ఉన్నాయి. ఏ రాజధానిలోనో అచ్చయిన పుస్తకం వాటిని చెప్పదు. సుగ్గి రోజుల్లో సజ్జ కంకులు, కొర్ర, కంది కట్టె తారు రోడ్డు మీద పరుస్తారు, బళ్లు తొక్కితే గింజ రాలుతుందని. వాటి మీద బ్రేకు పట్టిన టూవీలరు నిలవదు. సిరుగుప్ప, కంప్లి వైపు వరిగడ్డి నింపుకున్న ట్రాక్టరు ట్రాలీ చీకట్లో వెనక లైటు లేకుండా పోతుంటుంది. గడ్డి రెండు పక్కలా పొంగి రోడ్డులో ముప్పావు వంతు తనే అయి ఉంటుంది. తోరణగల్లు దగ్గర ఎర్రదుమ్ము లేచినప్పుడు పగలే హెడ్‌లైటు కావాలి. కాలువ గట్టు దారిలో ఒడ్డు మట్టి వదులై ఉంటుంది. ఊరివాళ్లు తమంతట తాము వేసుకున్న స్పీడ్ బ్రేకరుకు సున్నం గీత కూడా ఉండదు. ఈ జిల్లాలో బండి నడపడమంటే ఇవన్నీ తెలిసి నడపడం.

“మా కాలంలో మేమందరం ఇట్లే నేర్చుకున్నాం, ఏమైంది?” అనే పెద్దలకు గౌరవంగానే జవాబు చెప్పాలి. మీ కాలంలో ఆ దారిలో ఎదురొచ్చేది ఎద్దులబండి. ఇప్పుడు ఎదురొచ్చేది పదహారు చక్రాల లారీ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక లెక్క. అందులో 74,897 మంది టూవీలర్ల మీద పోయినవాళ్లు. అంటే రోజుకు 200 మందికి పైనే. ఆ ఏడాదే హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది, వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. అంటే భార్య, తల్లి, చెల్లెలు, బిడ్డ.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో, బళ్లారి మైసూరులో కలిసినప్పుడు గీత నేల మీద పడింది, ఇళ్ల మధ్య పడలేదు. ఈ జిల్లాలో తెలుగు ఇంటిభాషగా ఉన్న పిల్లలు కన్నడ బోర్డులు చదువుతూనే బండి నడపాలి. ‘నిధానవాగి చలిసి’ (నెమ్మదిగా వెళ్లండి) అంటే మనవాడికి అర్థమవుతుంది. ‘రస్తె ఉబ్బు’ (స్పీడ్ బ్రేకరు) కూడా అవుతుంది. ‘అపఘాత వలయ’ (ప్రమాదాలు జరిగే చోటు) దగ్గర కొంచెం ఆగుతాడు. “బలక్కె తిరుగిసు” అని పరీక్ష పెట్టే అధికారి అంటే, కన్నడ రాని పల్లె మనిషి అది కుడివైపని పోల్చుకోలేడు, ‘బలం’ అనే మాటే మనసులో మెదులుతుంది. కన్నడ నాట ఉన్నవాళ్లు కన్నడ నేర్చుకోవాలి, అందులో మాకు రెండో మాట లేదు. ప్రాణానికి సంబంధించిన పాఠం మాత్రం మనిషికి బాగా తెలిసిన భాషలో మొదటిసారి అందాలి. రోడ్డు పాఠాల పుస్తకం కన్నడ, తెలుగు, ఉర్దూ మూడింటిలో, ఒకే పేజీలో పక్కపక్కన వచ్చేలా జిల్లా యంత్రాంగం అచ్చువేయించాలి. బోర్డు మీది కన్నడ మాటకు పక్కనే తెలుగు అర్థం ఉంటే పిల్లవాడు రెండూ నేర్చుకుంటాడు.

శిక్షణ సర్కారు పని కాదనేవాళ్లు పుదుక్కోట్టైని గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో, కలెక్టరు షీలారాణి చుంకత్ హయాంలో, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లె ఆడవాళ్లు వేలాదిగా సైకిలు నేర్చుకున్నారు. క్వారీ కూలీలు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు మైదానాల్లో ఒకరికొకరు పట్టుకుని నేర్పుకున్నారు. వెనుకబడిన జిల్లా అని పేరుపడ్డ చోట యంత్రాంగం పూనుకుంటే జరిగిన పని అది. బళ్లారిలో జీన్స్ కుట్టే యూనిట్లకు పోయే మహిళ, ఊరూరు తిరిగే ఆశా కార్యకర్త ఈ రోజు స్కూటీ నేర్చుకోవాలంటే భర్తో తమ్ముడో తీరిక చేసుకోవాలి. వాళ్ల విసుగు భరించాలి. రోడ్డు మీద చూసేవాళ్ల నవ్వు భరించాలి. చాలామంది అక్కడే మానేస్తారు. మానని వాళ్లు సగం నేర్చుకుని రోడ్డెక్కుతారు. బ్రిటన్‌లో 1990 నుంచి మోటారు సైకిలు నేర్చుకునే మనిషి శిక్షకుడి పర్యవేక్షణలో ప్రాథమిక శిక్షణ పూర్తి చేసి, అందులో కనీసం రెండు గంటలు నిజమైన రోడ్డు మీద నడిపి చూపిస్తేనే ఒంటరిగా రోడ్డెక్కనిస్తారు. ధనిక దేశం కాబట్టి సాధ్యమైందనుకోవద్దు. దానికి కావలసింది ఒక మైదానం, కొన్ని బళ్లు, ఓపికగల మనిషి.

మన నిబంధనల్లోనే దారి ఉంది. 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలకు అవకాశం కల్పించారు. అక్కడ శిక్షణ పూర్తిచేసినవారికి ఆర్టీఓ పరీక్ష మినహాయింపు కూడా ఉంది. టూవీలరు, ఆటో, కారు శిక్షణకు కావలసిన కనీస స్థలం ఒక ఎకరం. కారు వంటి తేలికపాటి వాహనాల శిక్షణకు 29 గంటల పాఠం నిర్ణయించారు. అయితే లాభం చూసుకునే ప్రైవేటు సంస్థ మోటారు సైకిలు నేర్చుకునే కూలీ బిడ్డ కోసం కంప్లిలో ఎకరం పెట్టదు. అందువల్ల అది సర్కారే పెట్టాలి.

డబ్బు ఎక్కడిదంటారా? 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం లీజుదారులు అందులో సొమ్ము జమ చేస్తారు. నైపుణ్య శిక్షణ ఆ నిధి ఖర్చు చేయదగిన పనుల్లో ఒకటి. ఖనిజం లారీలే మన రోడ్లను టూవీలర్లకు గండంగా మార్చాయి. ఆ ఖనిజం సొమ్ములో ఒక చిన్న వాటా ఆ రోడ్డు మీద బతికి రావడమెలాగో నేర్పడానికి ఖర్చు కావడం న్యాయం.

శిక్షణ వచ్చాక పరీక్షలో దయ చూపమని మేము అడగం. 15వ నిబంధన చెప్పినవన్నీ చేయించాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులతో గీత దాటకుండా ఆపలేనివాణ్ని తిప్పి పంపాలి, మళ్లీ నేర్పాలి. కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నర్ లైసెన్సుకు 150 రూపాయలు, డ్రైవింగ్ పరీక్షకు 300 రూపాయలు. ఈ అంకెలు ప్రతి శిక్షణ మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. అసలు రుసుము తెలియని మనిషి దగ్గరే బ్రోకరు వేలు గుంజుతాడు.

పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో కూడా మాకు మెత్తదనం లేదు. 16 ఏళ్లకు చట్టం అనుమతించేది 50 సీసీ లోపు ఇంజిన్ బండిని మాత్రమే. ఇప్పుడు పల్లెల్లో పిల్లలు నడుపుతున్న పెట్రోలు స్కూటర్లు, పొలానికి పోయే ఎక్సెల్ బళ్లు 100 సీసీ అటూ ఇటూ ఉన్నవే. 2019 సవరణలో వచ్చిన 199ఏ సెక్షను ప్రకారం మైనరు నేరానికి తండ్రి లేదా బండి యజమాని మూడేళ్ల దాకా జైలుకు పోవచ్చు, 25,000 రూపాయల జరిమానా కట్టాలి, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఏడో తరగతి పిల్లవాడు బండి నడుపుతుంటే “మావాడు అప్పుడే గేర్ బండి తోలుతాడు” అని మురిసిపోయే తల్లిదండ్రులారా, తాళం మీ జేబులోనే ఉంచండి. మీరు చూడకపోతే పక్కింటాయన చూసి గట్టిగా అడగాలి. ఊరన్నాక ఆ హక్కు ఉంది.

2021లో విజయనగర జిల్లా విడిపోయాక బళ్లారికి మిగిలినవి ఐదు తాలూకాలు: బళ్లారి, కురుగోడు, కంప్లి, సిరుగుప్ప, సండూరు. తాలూకాకు ఒక ఎకరం మైదానం, పది శిక్షణ బళ్లు, వాటికి సరిపడా హెల్మెట్లు, ఇద్దరు శిక్షకులు, వారిలో ఒకరు మహిళ. ఇదీ మేము అడుగుతున్నది. జిల్లా ఇన్‌చార్జి మంత్రి, డీసీ కలిసి కూర్చుంటే ఖనిజ నిధి తరువాతి సమావేశంలోనే తీర్మానం చేయవచ్చు. వచ్చే వేసవి సెలవులకు, పియుసి పరీక్షలు ముగించి బండి తాళం కోసం చేయి చాచే పిల్లలు ఇంటికి వచ్చేలోపు, మొదటి మైదానం సిరుగుప్పలో తెరవాలి.