ఎవరు చెప్పారు? అని అడుగుదాం

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వచ్చింది. ఆ రోజుల్లోనే మా ఆమదాలవలసలో, గుమ్మంలో నిలబడి మంచినీళ్లడిగిన ముసలమ్మని చూసి తలుపేసేసుకున్నాను. డిగ్రీ చదివి, కథలు రాసే నేను! ఆమె మీద వీధిలో ఎవరైనా చెయ్యి చేసుకుని ఉంటే?

ఆ ఏడే తెలంగాణలోని గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరా పంపి, పాటలు కట్టించి మరీ ఆ పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. ప్రతిసారీ పోలీసులే రావాలా? బడి లేదూ?

అమెరికాలో ఈ పాఠాలు చెప్పే టీచర్లకి జాతీయ సంఘమే ఉంది. మన సంఘాలు జీతాలకీ బదిలీలకీ పోరాడతాయి, తప్పులేదు. 'ఎవరు చెప్పారు? ఎప్పటిది? ఎందుకు పంపారు?' అని పిల్లలచేత అడిగించడానికీ ఓ సంఘం పెట్టండి. టీచరమ్మలూ, మీ వెనకాల చేరే మొదటి గృహిణిని నేనే. మరి మీరో?