కంటి పోషక మాత్ర: ఎవరికి, ఏ దశలో, ఎంత

వార్ధక్యంలో చూపును దెబ్బతీసే వ్యాధుల్లో మాక్యులా క్షీణత ముఖ్యమైనది. కంటి వెనుక పొర అయిన రెటీనా నడిమధ్య ఉండి, చదవడానికీ ముఖాలను పోల్చుకోవడానికీ ఆధారమయ్యే చిన్న పసుపు మచ్చను మాక్యులా అంటారు. వయసు పైబడేకొద్దీ దాని అడుగున డ్రూసెన్ అనే కొవ్వు నిక్షేపాలు పేరుకొని, కణాలు మెల్లగా నశిస్తే అది పొడి రకం. కొత్త రక్తనాళాలు పుట్టి వాటినుంచి ద్రవమో రక్తమో ఊరితే అది తడి రకం. కంటి చికిత్సలో పోషక మాత్రల స్థానం ఏమిటో ఈ వ్యాధిని చూసి నేర్చుకోవచ్చు. వాటి మేలును, హద్దును, హానిని కూడా ఇక్కడ పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు.

అమెరికాలోని జాతీయ నేత్ర సంస్థ జరిపిన ‘ఏరెడ్స్’ అధ్యయనం ఫలితాలు 2001లో వెలువడ్డాయి. అందులో రోజుకు విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములు, జింకు 80 మిల్లీగ్రాములు ఇచ్చారు. జింకు అధికమైతే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత కలిగే ప్రమాదం ఉన్నందున, దానికి తోడుగా 2 మిల్లీగ్రాముల రాగిని చేర్చారు. వ్యాధి మధ్యస్థ దశలో ఉన్నవారిలోనూ, ఒక కంట అప్పటికే ముదిరినవారిలోనూ, ఐదేళ్లలో అది ముదిరే ప్రమాదం సుమారు 25 శాతం తగ్గింది. తొలి దశవారికి మాత్రం మేలు కనబడలేదు, శుక్లాలు ఆగలేదు. అంటే ఈ మాత్ర పోయిన చూపును తెచ్చేది కాదు, ఉన్న చూపు పోయే అవకాశాన్ని కొంత తగ్గించేది.

హాని సంగతి అంతకుముందే బయటపడింది. పొగతాగే పురుషుల మీద ఫిన్లాండ్‌లో జరిగిన అధ్యయనంలో, బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చినట్లు 1994లో తేలింది. అందుకే 2013లో వెలువడిన రెండవ ఏరెడ్స్ అధ్యయనం తర్వాత బీటా కెరోటిన్ స్థానంలో లూటీన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు వచ్చాయి. ఆ అధ్యయనంలోనే పరీక్షించిన ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. పొగ మాక్యులా క్షీణతకు కూడా కారణాల్లో ఒకటి కనుక, ఈ మాత్ర అవసరం పడేవారిలోనే పాత మిశ్రమంతో హాని పొందగలవారూ ఉంటారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ తాగే స్త్రీలు ఉన్నారు. కాబట్టి పొగ అలవాటును గురించిన ప్రశ్న మగవారితో ఆగకూడదు, మానేసినవారినీ వదలకూడదు.

ఇంతకన్నా పెద్ద నష్టం కాలయాపన. తడి రకానికి చికిత్స, కొత్త రక్తనాళాల పెరుగుదలను అణచే మందును కంటిలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వడం. గీతలు వంకరగా కనిపించడం, చూపు నడుమ మసక కమ్మడం తడి రకం లక్షణాలు. అవి కనిపించాక కూడా మాత్ర మింగుతూ వారాలు గడిపితే మచ్చపడి, ఆ చూపు తిరిగి రాకపోవచ్చు. ఇంజెక్షన్ చేసే పనిని మాత్ర చేయలేదు, దాని పక్కన మాత్రమే ఉండగలదు.

మన దేశంలో 2006 నాటి ఆహార భద్రతా చట్టం పోషక పూరకాలను ఆహారం కిందికి తెచ్చింది. ఔషధంగా వాడేందుకు కాదన్న హెచ్చరిక వాటి సీసా మీద ఉండాలి. జబ్బును ఆపుతుందన్న నమ్మకంతో కొనేవారు ఆ మాటనూ, లోపలి మోతాదులనూ చదవాలి, ఎందుకంటే లూటీన్ పేరు కనబడినంత మాత్రాన అది పరీక్షకు నిలిచిన మిశ్రమం కాదు. తోటకూర, పాలకూర, మునగాకు, మొక్కజొన్న, గుడ్డు సొన అందరికీ మంచివే. కానీ 80 మిల్లీగ్రాముల జింకు రోజువారీ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ, అది మందుతో సమానమైన మోతాదు. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి అధిక మోతాదు విటమిన్ ఇ రక్తస్రావ ప్రమాదాన్ని పెంచగలదు.

అందువల్ల రోగి తాను మింగే ప్రతి సీసానూ కంటి వైద్యుని ముందు పెట్టాలి, వైద్యుడు దాన్ని తేలికగా తోసిపుచ్చకుండా వ్యాధి దశను చెప్పి, అవసరమైతే మోతాదుతో సహా చీటీలో రాయాలి, అవసరం లేకపోతే ఆ మాటా రాయాలి. చీటీకెక్కని మాత్ర మీద ఎవరి నిఘా ఉండదు, దాని భారమంతా వృద్ధుని కంటి మీదే పడుతుంది.