గోడ మీది బొమ్మ కూడా భూమి కాగితమే



ఒక ప్రశ్నతో మొదలుపెడతా. మీ ఊరి అడవి మీ ఊరిదే అని రేపు కమిటీ ముందు నిరూపించమంటే ఏం పట్టుకుని పోతారు? ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు. పాత ఫారెస్టు కేసు కాగితం ఉంటే అదీ. మరి మీ ఇలవేల్పు పడిగె పట్టుకుని పోతారా? ఇంటి గోడ మీది ముగ్గు, బొమ్మ ఫొటో తీసి జత చేస్తారా? చేయరు. అవి మనకు పండగ, భక్తి. బయటోళ్లకేమో 'ట్రైబల్ ఆర్ట్'. సాక్ష్యం అని ఎవరికీ తట్టదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. యూనివర్సిటీలో కళా చరిత్ర ఒక బిల్డింగులో, పర్యావరణ శాస్త్రం ఇంకో బిల్డింగులో ఉంటాయి. కళా చరిత్ర సార్లు వస్తే గీతలు, రంగులు చూసి ఇది ఏ కాలం, ఏ శైలి అని రాసుకుంటారు. పర్యావరణం సార్లు వస్తే తాడు కట్టి చదరాలు గీసి చెట్లు లెక్కపెడతారు. మొదటాయన రాతలో బొమ్మ ఉంటుంది, అడవి ఉండదు. రెండో ఆయన రాతలో అడవి ఉంటుంది, మనిషి ఉండడు. మనిషి లేని అడవి అని ఒకసారి రిపోర్టులో ఎక్కితే ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా?

మన దగ్గర ఈ రెండూ ఎప్పుడూ వేరు కాదు. ఆదిలాబాద్ ఓజాలు పోసే డోక్రా బొమ్మ సంగతే చూడండి. మట్టి అచ్చు చేసి, దాని మీద మైనం తీగలు చుట్టి, మళ్లీ మట్టి కప్పి కాలుస్తారు. మైనం కరిగిపోయిన సందులో కరిగిన ఇత్తడి పోస్తారు. పాత పద్ధతిలో ఆ మైనం తేనెమైనమే. తేనెపట్టు ఉండాలంటే పెద్ద చెట్టు ఉండాలి, పూత ఉండాలి. బొగ్గుకు కట్టె కావాలి. అంటే ఆ బొమ్మ ఎన్నేళ్లదని అడిగినప్పుడే, ఏ అడవి దాన్ని పోషించిందని కూడా అడగాలి. మొదటి ప్రశ్న కళా చరిత్రది, రెండోది పర్యావరణ శాస్త్రానిది. రెండూ కలిపి అడిగితేనే అది ఓజాల చరిత్ర అవుతుంది.

సవర అన్నదమ్ములు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యపు పిండితో బొమ్మ వేస్తారు. అందం కోసం కాదు. జబ్బు చేస్తే, పెద్దలు పోతే, పంట బాగుండాలంటే వేస్తారు. వెరియర్ ఎల్విన్ 1951లో అచ్చేసిన మధ్య భారత గిరిజన కళ పుస్తకంలో వీటి గురించి రాశాడు. ఆ గోడల మీద చెట్లు, జంతువులు, పెద్దల ఆత్మలతో పాటు కొత్తగా ఊళ్లోకి వచ్చిన అధికారులు, బండ్లు కూడా కనబడతాయి. కొండ మీదికి ఎవరొచ్చారో, ఎవరి వల్ల భయం కలిగిందో గోడ రాసిపెట్టుకుంది.

మా కోయ గూడేల్లో పడిగె ఉంది. డోలి కళాకారులు దాన్ని విప్పి, మా గట్టు ఎక్కడ పుట్టింది, ఏ ఏరు దాటింది, వేల్పు ఏ చెట్టు కింద నిలిచింది అని పాడతారు. వినేవాళ్లకు అది కథ. జాగ్రత్తగా వింటే అందులో ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, చెట్ల పేర్లు వరసగా వస్తాయి. వాటిని వరస ప్రకారం కాగితం మీద పెట్టండి. మ్యాపు అవుతుంది.

"బాగుంది తమ్ముడూ, కానీ బొమ్మ చూసి ఎవరైనా పట్టా ఇస్తారా?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆస్ట్రేలియా ఆదివాసుల అనుభవం చూద్దాం.

1963లో అక్కడి ఉత్తర ప్రాంతంలో యోల్ంగు ప్రజల భూమిని బాక్సైట్ గనికి ఇచ్చేశారు. బాక్సైట్ అనగానే మన విశాఖ మన్యం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. యిర్‌కలా ఊరి పెద్దలు చెట్టు బెరడు తీసి, నడుమ తమ భాషలో, ఇంగ్లీషులో అర్జీ అంటించి, చుట్టూ తమ వంశాల బొమ్మలు గీసి పార్లమెంటుకు పంపారు. ఈ బొమ్మ గీసే హక్కు ఎవరిదో ఆ నేల వాళ్లది అని దాని అర్థం. గని ఆగలేదు. 1971లో కోర్టులో కూడా ఓడిపోయారు. అయినా ఆ పోరాటం అక్కడితో పోలేదు. ఉత్తర ప్రాంతంలో ఆదివాసీ భూమి హక్కుల చట్టం 1976లో వచ్చింది.

అదే యోల్ంగు ప్రజలు 1996లో తమ పవిత్ర స్థలంలో దొంగ చేపల వేటగాళ్ల మకాం చూశారు. నరికిన మొసలి తల అక్కడ పడి ఉంది. 47 మంది కళాకారులు కూర్చుని 80 బెరడు చిత్రాలు వేశారు. నది నీరు సముద్రం నీటితో ఎక్కడ కలుస్తుంది, ఆటుపోటు ఎటు పోతుంది, ఆ నీళ్లలో ఏ జీవులుంటాయి అన్నీ వాటిలో ఉన్నాయి. చూడ్డం వచ్చినవాడికి అది కళ, సముద్ర శాస్త్రం, భూమి రికార్డు మూడూ. 2008లో ఆ దేశ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆదివాసీ భూమి మీదికి పోటు వచ్చే నీళ్లలో కూడా ఆ భూమి సొంతదారులు ఒప్పుకుంటేనే ఇతరులు అడుగుపెట్టాలి అని.

పశ్చిమాన ఎడారిలో న్గురారా ప్రజలు 1997లో 8 మీటర్లు, 10 మీటర్ల గుడ్డ మీద తమ దేశం మొత్తం గీశారు. ముఖ్యంగా ఎండాకాలంలోనూ ఎండని నీటి చెలమలు. ట్రిబ్యునల్ వాళ్లు వచ్చినప్పుడు దాన్ని నేల మీద పరిచి, ఒక్కొక్కరు తమ చెలమ మీద నిలబడి తమ భాషలో చెప్పారు. పదేళ్ల తర్వాత, 2007లో హక్కు గుర్తింపు వచ్చింది.

బొమ్మ ఒక్కటే గెలిపించింది అని నేను అనడం లేదు. బొమ్మతో పాటు పెద్దల మాట, వంశవృక్షం, లాయర్లు, ఏళ్ల తరబడి పోరాటం ఉన్నాయి. కానీ ఆ బొమ్మను ఇంటి అలంకారంగా వదిలేసి ఉంటే ఆ మాటలకు నిలబడే చోటు ఉండేది కాదు.

ఇక మన చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో 13వది తీసి చదవండి. చాలామంది చదవలేదు, చదివించలేదు కూడా. పెద్దమనుషుల వాంగ్మూలం రాతలో పెడితే సాక్ష్యం. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు సాక్ష్యం. సామూహిక హక్కులకైతే దుంపలు, కాయలు, మందు మొక్కలు సేకరించే చోట్లు, చేపలు పట్టే చోట్లు, వేల్పు చెట్లు, వనాలు కూడా లెక్కలోకి వస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, మన ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన పరిశోధన కూడా సాక్ష్యమే. అంటే డిగ్రీ, పీజీ చదివే మన పిల్లలు రాసే థీసిస్ కేవలం మార్కుల కోసం కాదు. సరిగ్గా, సరైన సంస్థలో చేస్తే ఊరి క్లెయిమ్ ఫైలులో పెట్టగలిగే కాగితం అది.

అందుకే ఈ పరిశోధన బయటోళ్లకు వదిలేయొద్దు. నేను చదివిన డిగ్రీ పుస్తకాల్లో అజంతా ఉంది, అమరావతి ఉంది. పడిగె ఒక్క వాక్యంలో కూడా లేదు. మనం రాయకపోతే రేపటి పుస్తకంలోనూ ఉండదు. రాసినా ఎవరో వచ్చి, ఫొటోలు తీసుకుని, పోయి రాస్తారు.

చేయాల్సిన పనులు ఇవి:

ఒకటి. బొమ్మ వేసేవాళ్లు, పాడేవాళ్లు, మొక్కలు తెలిసినవాళ్లు ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. బొమ్మలో ఉన్న ప్రతి చెట్టు, వాగు, గుట్ట పేరు మన భాషలోనే రాయండి. తర్వాత నడిచి వెళ్లి ఆ చోటు చూడండి, జీపీఎస్ పాయింటు తీసుకోండి.

రెండు. సామూహిక అటవీ వనరుల క్లెయిమ్‌కు ఫారం-సి వేసేటప్పుడు ఇవన్నీ గ్రామసభ తీర్మానంతో జత చేయండి. ఇప్పటికే వేసి ఉంటే అదనపు సాక్ష్యంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

మూడు. చరిత్ర చదివేవాళ్లు, బోటనీ, ఎన్విరాన్‌మెంట్ చదివేవాళ్లు జతగా ప్రాజెక్టు తీసుకోండి. గైడ్ ఒప్పుకోకపోతే రెండు ప్రాజెక్టులుగా అయినా ఒకే ఊరి మీద చేయండి.

నాలుగు. బయట నుంచి ఎవరు పరిశోధనకు వచ్చినా ముందు గ్రామసభ. మన ఆచారాలను, మన వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు 1996 పెసా చట్టం ఇచ్చింది. రాసింది తెలుగులోనో మన భాషలోనో ఒక కాపీ ఊరికి ఇవ్వాలి. వేల్పుల దగ్గర చెప్పకూడని మాట ఉంటే అది రికార్డు కాకూడదు. మందు మొక్క ఎక్కడుందో కంపెనీకి దారి చూపే కాగితం మన చేత్తో రాయొద్దు. యోల్ంగు ప్రజల్లో కూడా ఏ బొమ్మ ఎవరు గీయాలి, ఎవరికి చూపాలి అన్న కట్టు ఉంది. అన్నీ చూపితేనే సాక్ష్యం అనుకోకండి. ఎంత చూపాలో మనమే తేల్చుకోవాలి.

పడిగె చదవగలిగిన పెద్దవాళ్లు మన గూడేల్లో ఎంతమంది మిగిలారో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. క్లెయిమ్ ఫైలు పదేళ్లు ఆగుతుందేమో, వాళ్లు ఆగరు. ఈ వానాకాలం లోపలే వాళ్ల దగ్గర కూర్చోండి. అడిగి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. మిగతాది మనం చదువుకున్నవాళ్లం చూసుకుందాం.

జల్, జంగల్, జమీన్ మనదే. జోహార్!