టీకా రోజున తల కూడా కొలవాలి

పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఇంచుమించు ఒకరికి తలలో నీరు చేరుతుంది. వైద్యులు హైడ్రోసెఫలస్ అనే ఈ జబ్బు డౌన్ సిండ్రోమ్ కంటే అరుదేమీ కాదు. అయినా డౌన్ సిండ్రోమ్ పేరు విన్నవారిలో చాలామందికి ఈ జబ్బు పేరు తెలియదు. దేశంలో ఏటా 2 కోట్లకు పైగా కాన్పులు జరుగుతున్నాయి. వెయ్యికి ఒకరి లెక్కన చూసినా కనీసం 20 వేల ఇళ్లు ఏటా ఈ కష్టం పడుతున్నట్టే. ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలు దీని బారిన పడుతున్నారని 2018లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. పేద దేశాల్లోనే ఈ బెడద ఎక్కువ.

మెదడు లోపలి గదుల్లో నీరులాంటి ద్రవం నిత్యం ఊరుతూ, తిరిగి రక్తంలోకి ఇంకిపోతుంటుంది. దాని దారి మూసుకుపోయినా, ఇంకడం తగ్గినా ద్రవం పేరుకుని మెదడును నొక్కేస్తుంది. కొందరికి ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. నెలలు నిండకుండా పుట్టినవారికి మెదడులో రక్తస్రావం వల్ల, మరికొందరికి మెనింజైటిస్ వల్ల, వెన్ను సరిగా మూసుకోని స్పైనా బిఫిడా వల్ల ఈ స్థితి వస్తుంది.

పసివాళ్ల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి లోపలి ఒత్తిడికి తల పెరుగుతుంది. అంటే ఈ జబ్బును మొదట పట్టించేది స్కానింగ్ యంత్రం కాదు, కొలిచే టేపు.

పుట్టినప్పుడు బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. మొదటి 3 నెలల్లో నెలకు 2, తర్వాతి 3 నెలల్లో నెలకు 1, ఆపైన ఏడాది నిండేదాకా నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. ఒక్కసారి కొలిస్తే తెలిసేది తక్కువ. వరసగా కొలిస్తేనే పెరుగుదల వేగం బయటపడుతుంది. 6, 10, 14 వారాలకు టీకాల కోసం బిడ్డను ఎలాగూ తీసుకొస్తారు. పుట్టిన 42 రోజుల్లోపు ఆశా కార్యకర్త పలుమార్లు ఇంటికే వెళ్తుంది. బరువు చూసినంత తప్పనిసరిగా తల కూడా కొలిచి కార్డులో రాయడానికి పట్టేది ఒక్క నిమిషం.

ఇంట్లో మాడుకు ఆముదం పెట్టే అమ్మమ్మ, నాయనమ్మ చేతులు కూడా దీన్ని ముందే పసిగట్టగలవు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుతుగా ఉండటం, తల మీద నరాలు తేలడం, కనుగుడ్లు కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనబడటం ప్రమాద సూచనలు. దిష్టి తీసి, తాయెత్తు కట్టి గడిపే ప్రతి వారం మెదడుకు నష్టమే. తల ఒత్తితే గుండ్రంగా వస్తుందన్న నమ్మకం ఇక్కడ అసలే పనికిరాదు.

వైద్యం మనకు అందనిదేమీ కాదు. అదనపు ద్రవాన్ని సన్నని గొట్టం ద్వారా కడుపులోకి మళ్లించే షంట్ ఆపరేషన్ దశాబ్దాలుగా ఉంది. మన దేశంలో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను ఉగాండాలో 195 మంది పిల్లల మీద ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2005లో ప్రకటించారు. అప్పటి ధరల్లో తేడా మాత్రం 35 డాలర్లకూ 650 డాలర్లకూ ఉన్నంత. అయితే షంట్ పూడుకుపోవచ్చు. ఆపరేషన్ అయిన బిడ్డకు వాంతులు, మగత మొదలైతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలని తల్లిదండ్రులకు విడమరిచి చెప్పి పంపాలి.

కొన్ని కేసులను రాకుండానే ఆపవచ్చు. స్పైనా బిఫిడా వంటి లోపాలు మళ్లీ రాకుండా ఫోలిక్ యాసిడ్ 72 శాతం మేర అడ్డుకుంటుందని 1991లో బ్రిటన్ పరిశోధకులు నిరూపించారు. కానీ బిడ్డ వెన్ను మూసుకునేది పిండం ఏర్పడిన నాలుగు వారాల్లోపే. చాలామందికి గర్భం ఖాయమయ్యేసరికే ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి ఈ మాత్ర అందాల్సింది పెళ్లయిన కొత్తల్లోనే.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు చేయాల్సిన పని స్పష్టం. ప్రతి ఆశా సంచిలో ఒక టేపు ఉంచాలి. ప్రతి టీకా రోజున తల కొలతను తప్పనిసరి చేయాలి. తల పెరుగుదల మామూలు వేగాన్ని దాటిన బిడ్డను ఎన్ని రోజుల్లోగా, ఏ ఆసుపత్రికి పంపాలో ప్రతి ఏఎన్ఎంకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇందుకు కొత్త భవనాలు, కొత్త యంత్రాలు అక్కర్లేదు. ఈ ఏడాదే ఉత్తర్వులు ఇవ్వవచ్చు.