నర్సింగ్ పేరుతో అప్పు చేసే ముందు ఆగండి

ములుగు మండలంలో ఇంటర్ బైపీసీ గానీ, నర్సింగ్ గానీ చదివిన బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి. ‘అమెరికా అయినా కెనడా అయినా ఒకటే, రెండుచోట్లా అదే పరీక్ష, అదే కొలువు’ అంటూ అడ్వాన్సు అడిగే ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పరీక్ష ఒకటే అన్న మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని చెప్పే మిగతా మాటలే కొంప ముంచుతాయి. వంటిమామిడి మార్కెట్లో కూరగాయలమ్మి కూడబెట్టిన డబ్బు, పాసుబుక్కు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఒకసారి ఏజెంటు చేతిలో పడితే తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కావడానికి రాసే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ పరీక్షనే 2015 జనవరి నుంచి కెనడా కూడా పెడుతోంది. సొంత పరీక్ష పెట్టుకున్న క్యూబెక్ సైతం 2024లో దీనికి మారింది. అయితే పరీక్ష చివరి మెట్టు మాత్రమే. ఆ మెట్టు దాకా వెళ్లే దారి రెండు దేశాల్లో రెండు రకాలు.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో సుమారు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసినవారూ, యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎస్ఎన్ చదివినవారూ రాసేది ఒకే పరీక్ష, పొందేది ఒకే లైసెన్సు. కెనడాలో అలా కాదు. అక్కడ చదివి రిజిస్టర్డ్ నర్సు కావాలంటే క్యూబెక్ తప్ప మిగతా అన్నిచోట్లా నాలుగేళ్ల డిగ్రీ ఉండాల్సిందే. ఒంటారియోలో 2005 నుంచే ఈ నిబంధన ఉంది. రెండేళ్ల డిప్లొమా చేస్తే ప్రాక్టికల్ నర్సు అవుతారు. దాని పరీక్ష వేరు, జీతం వేరు, చేయనిచ్చే పనులు వేరు. ఇంకా కింద కొన్ని నెలల్లో ముగిసే పర్సనల్ సపోర్ట్ వర్కర్ కోర్సు ఉంది. పెద్దవాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం ఆ పని. అది గౌరవమైన పనే, కానీ ఆ సర్టిఫికెట్‌తో నర్సు లైసెన్సు రాదు. మన ఊళ్లలో ఈ మూడింటినీ ‘కెనడా నర్సింగ్’ అనే ఒకే పేరుతో అమ్ముతున్నారు.

అంతకన్నా పెద్ద మోసం ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన పిల్లల విషయంలో జరుగుతోంది. ఒంటారియో కాలేజీల్లో జెరంటాలజీ, ఎన్‌హాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్ వంటి పేర్లతో ఏడాది, రెండేళ్ల పీజీ సర్టిఫికెట్లున్నాయి. చదువుగా వాటిలో తప్పులేదు. కానీ అవి పాసైనంత మాత్రాన లైసెన్సు రాదు. లైసెన్సుకు మన డిగ్రీని ఆ ప్రావిన్సు నర్సింగ్ నియంత్రణ సంస్థ విడిగా పరిశీలించి ఒప్పుకోవాలి. జీఎన్ఎం చేసినవారిని ఎలా లెక్కించాలన్న నిబంధనలు ప్రావిన్సుకో తీరుగా ఉండి, ఈ మధ్య మారుతూ వస్తున్నాయి. అందుకే ఏజెంటు మాట, పక్కింటివారి అనుభవం పనికిరావు. ఆ సంస్థ రాసిచ్చిన జవాబే లెక్క.

ఆఫర్ లెటర్ చేతికొస్తే ఫీజు అంకెను తర్వాత చూడవచ్చు. ముందు ‘ప్రోగ్రామ్’ అన్న వరుస దగ్గర వేలు పెట్టి, అక్కడ అచ్చయిన పేరును అక్షరం అక్షరం చదవండి. అమెరికా లెటర్‌లో ‘ప్రీ-నర్సింగ్’ అని ఉంటే నర్సింగ్ సీటు ఇంకా రాలేదని అర్థం. ఏడాదో రెండేళ్లో సైన్సు సబ్జెక్టులు చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, అసలు నర్సింగ్ సీటుకు మళ్లీ పోటీపడాలి. ఆ పోటీలో సీటు రాకపోతే కట్టిన ఫీజు వెనక్కి రాదు.

‘రెండేళ్లలో అమెరికాలో కొలువు’ అన్న మాటనూ నమ్మకండి. అక్కడ రిజిస్టర్డ్ నర్సు కొలువుకు రెండేళ్ల చదువు చాలు కనుక, నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకిచ్చే హెచ్-1బి వీసా మామూలు నర్సుకు దొరకడం చాలా కష్టం. ఎక్కువమందికి మిగిలేది ఇబి-3 గ్రీన్‌కార్డు దారే. ఆ వరుసలో భారతీయుల వంతు 2025 చివర్లోనూ 2013 దరఖాస్తుల దగ్గరే ఉంది. ఇవాళ దరఖాస్తు పెట్టే బిడ్డ ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. కెనడాలో 2024 నుంచి విదేశీ విద్యార్థుల పర్మిట్లకు పరిమితి పెట్టారు. ఖర్చులకు చూపాల్సిన సొమ్మును అదే ఏడాది 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచారు, ఆ తర్వాత ఇంకా పెంచారు.

ఏ దేశం వెళ్లినా పునాది ఇక్కడి కాలేజీలోనే పడుతుంది. విదేశీ బోర్డులు అడిగేది ట్రాన్‌స్క్రిప్ట్. పిల్లలు, ప్రసూతి, మానసిక వైద్యం, సర్జరీ ఇలా ఒక్కో విభాగంలో తరగతిలో ఎన్ని గంటలు చదివారో, వార్డులో ఎన్ని గంటలు పనిచేశారో అందులో ఉండాలి. దాన్ని కాలేజీయే ముద్ర వేసి నేరుగా పంపాలి. సొంత ఆసుపత్రి లేని కాలేజీలో, వార్డు మొహం చూడకుండా కాగితం మీద నింపిన గంటలు అక్కడ నిలవవు. మన మండలంలోని లక్ష్మక్కపల్లిలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. రోగులతో నిండిన వార్డు ఎలా ఉంటుందో మనకు తెలుసు. దూరపు ఊళ్లో తక్కువ ఫీజుకు సీటు దొరికిందంటే, ముందు ఆ కాలేజీ ఆసుపత్రిని కళ్లారా చూసి రండి.

దొంగ సర్టిఫికెట్‌తో పరీక్ష గట్టెక్కవచ్చని ఎవరైనా చెబితే ఫ్లోరిడా సంగతి గుర్తుచేయండి. అక్కడ మూడు నర్సింగ్ స్కూళ్ల పేరిట 7,600కు పైగా నకిలీ సర్టిఫికెట్లు అమ్మినట్టు తేలి, 2023 జనవరిలో 25 మందిపై కేసులు పెట్టారు. వాటితో పరీక్ష పాసై ఆసుపత్రుల్లో చేరినవారిలోనూ చాలామంది లైసెన్సులు పోగొట్టుకున్నారు.

ఇప్పుడు చేయాల్సిన పనులు ఇవి. ఇక్కడ చేరబోయే కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాల్లో పేరుందో లేదో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి. ఎన్‌క్లెక్స్ రాయడానికి దేశం దాటాల్సిన పనిలేదు, హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది. విదేశీ కొలువు ఇప్పిస్తాననేవారి పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతకండి. రిజిస్టరైన ఏజెంటు సైతం రూ.30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. చదువుల కన్సల్టెన్సీలకు ఈ పరిమితి వర్తించదు కనుక, వారి దగ్గర రెట్టింపు జాగ్రత్త అవసరం. విదేశీ కొలువుల కోసం పెట్టిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లోనే ఉంది. అప్పు చేసే ముందు అక్కడ ఒకమాట అడగండి.

ప్రభుత్వమూ కదలాలి. జూనియర్ కాలేజీల్లో, నర్సింగ్ కాలేజీల్లో అడ్మిషన్లకు ముందే రెండు దేశాల దారులనూ తెలుగులో వివరించే సమావేశాలు పెట్టాలి. చదువుల కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషన్, ఫీజు పరిమితి తేవాలి. బిడ్డలు మోసపోయాక కేసులు రాయడం కన్నా ముందుగా చెప్పడం తేలిక.

తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ కోర్సు పూర్తిచేస్తే మా బిడ్డను ఏ లైసెన్సు పరీక్ష రాయనిస్తారు, ఆ మాట అక్కడి బోర్డు రాతపూర్వకంగా ఇచ్చిందా? ఆ కాగితం చూపించలేనివారికి అడ్వాన్సు ఇవ్వకండి, సంతకం పెట్టకండి.